పెన్షన్ వచ్చిన ఇళ్లలో గొడవలు: సంఘం తరఫున ముందే ఏం చేయొచ్చు?

గిద్దలూరు సుబేదార్:

అందరికీ నమస్కారం. మాది గిద్దలూరు దగ్గర పల్లె. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదార్‌గా రిటైరై పెన్షన్ మీద ఇంటికొచ్చాను. గిద్దలూరు, కొమరోలు వైపు ఏ ఊరికెళ్లినా మిలిటరీ ఇళ్లుంటాయని మీకు తెలుసు. మా మాజీ సైనికుల సంఘం ఈ మధ్య ఒక బాధ్యత నాకప్పగించింది. మన ఇళ్లలో కొట్లాటలు, తాగుడు, ప్రాణం తీసుకునేదాకా పోయే సంగతులు ముదరకముందే ఆపేందుకు ఏదన్నా ఏర్పాటు చెయ్యమన్నారు. ఒప్పుకున్నాను. ఈ పని సరిగ్గా జరగాలని నాకు గట్టిగా ఉంది, అందుకే అడుగుతున్నా.

ఆస్పత్రి డ్యూటీల్లోనూ, ఊళ్లోనూ నేను చూసింది చెప్తాను. గొడవ మొదలయ్యేది ఎక్కువగా మనిషి ఫీల్డ్‌లో ఉన్నప్పుడు కాదు, లీవుకొచ్చిన మొదటి వారంలోనో, పెన్షన్ వచ్చిన మొదటి ఏడాదిలోనో. జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. మిగతా రోజులన్నీ ఇల్లు నడిపింది ఆమే. కూలోళ్లని పిలిచింది, కందికి మందు కొట్టించింది, పిల్లోడికి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆటో మాట్లాడింది ఆమే. ఈయన నలభయ్యేళ్లకే పెట్టె సర్దుకుని వచ్చి, రోల్ కాల్ తీసుకునే గొంతుతో "ఎవర్నడిగి చేశావ్?" అంటాడు. దానికి తోడు గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం ముందే తీసుకునే) డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది. అన్నదమ్ములు బోరు వేద్దామంటారు, బావమరిది ప్లాటు చూపిస్తాడు. సాయంత్రమైతే మిలిటరీ క్యాంటీన్ కోటా బాటిల్ ఉండనే ఉంది.

యూనిట్లో మనిషి తేడాగా ఉంటే పక్క మంచం వాడు పసిగట్టేవాడు. సీనియర్ జేసీఓ (జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య ర్యాంకు, నాలాంటి సుబేదార్) పిలిచి కూర్చోబెట్టేవాడు. కమాండింగ్ ఆఫీసర్ జవాన్లందరితో మాట్లాడే దర్బార్‌లో చెప్పుకునే వీలుండేది. ఊళ్లో వాణ్ణి అడిగే దిక్కెవరు?

మొదటి మీటింగ్ సంఘం ఆఫీసులో పెట్టాం. మగవాళ్లు బాగానే వచ్చారు. ఆడవాళ్లు టీలు అందించి వెళ్లిపోయారు. నేనడిగేది ఇదే: వాళ్లు నోరు విప్పే చోటు ఎట్లా తయారు చెయ్యాలి? విన్నది ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు?

కొమరోలు కోడలు:

అన్నా, నమస్తే. మా ఆయన ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. నేను పిల్లలతో ఇక్కడే ఉంటున్నా.

ఆడవాళ్లు ఎందుకు కూర్చోలేదో చెప్తా. ఆ ఆఫీసు బెంచీల మీద రోజూ కూర్చునేది మా మామలు, మా ఆయన బ్యాచ్ వాళ్లు. వాళ్ల ముందు ఏం మాట్లాడతాం? "గృహ హింస" అని బోర్డు పెట్టినా అంతే. ఆ గుమ్మం తొక్కిన మనిషి సంగతి పొద్దుగూకే లోపల ఊరంతా తెలిసిపోద్ది.

బోర్డు వద్దు, కాగితాల బల్ల పెట్టండి. మా అందరికీ కాగితాల బాధే. స్పర్శ్ అనే మిలిటరీ పెన్షన్ వెబ్‌సైట్‌లో పేరు తప్పు, యూనిట్ వాళ్లు కుటుంబం వివరాలు ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్‌లో పుట్టిన తేదీ తప్పు, ఆధార్‌లో ఒక ఇంటిపేరు, రికార్డులో ఇంకొకటి. వీటి కోసం మేం ఒక్కళ్లమే వస్తాం, అత్తగారు కూడా ఏమీ అనదు. మా వీధిలో కొందరికి నేనే ఫోన్లో ఈ పనులు చేసిపెడతా. మొన్నొకామె నామినీ సంగతి అడగడానికి వచ్చింది. పనయిపోయాక కూడా లేవలేదు. కాసేపటికి జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. అప్పుడు నాకు ఏం చెప్పాలో తెలియదు, ఫలానా చోటికి పోదాం రా అనడానికి చోటూ లేదు. మీరు చెయ్యాల్సింది అదే అన్నా. బల్ల దగ్గర పెన్షన్ వచ్చిన వాళ్ల భార్య ఒకామె ఉండాలి, ఆమెకి తర్వాత ఏం చెయ్యాలో నేర్పించాలి.

ఇంకొకటి. కంప్లైంట్ ఇస్తే ఆయన ఉద్యోగం పోద్ది, పెన్షన్ ఆగిపోద్ది, పిల్లలు రోడ్డున పడతారు అని మాకు నూరిపోస్తారు. సగం మంది నోరు కట్టేసింది ఈ మాటే. ఇందులో నిజమెంతో చట్టం తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు లాయరమ్మ:

చెల్లీ, నువ్వడిగిన దానికి ముందు జవాబు. 2005 గృహ హింస చట్టం కింద వేసే అర్జీ భర్తను జైలుకు పంపమని అడిగేది కాదు. కొట్టొద్దని రక్షణ, ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దని నివాస హక్కు, ఖర్చులకు డబ్బు అడిగేది. ఆ అర్జీ వేసినంత మాత్రాన ఉద్యోగం పోదు, పెన్షన్ ఆగదు. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును అతను మీరితే మాత్రం నేరమే, ఏడాది దాకా జైలు పడొచ్చు. క్రూరత్వం కింద పోలీసు కేసు వేరే దారి. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. ఈ రెంటినీ కలిపి చెప్పి భయపెడుతున్నారు. మీ బల్ల దగ్గర కూర్చునే ఆమె వీటిని విడదీసి చెప్పగలిగితే చాలా ధైర్యం వస్తుంది.

మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లో పెట్టాలని, అక్కణ్ణుంచి 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నిజానికి ఆలస్యమవుతుంది. ఆ మాట దాచకుండా చెప్పండి, లేకపోతే మధ్యలో వదిలేస్తారు. భర్త సర్వీసులో ఉండి డబ్బు పంపకపోతే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌కి రాయొచ్చు. భార్యాపిల్లల పోషణకు జీతంలోంచి కోసి ఇచ్చే వీలు 1950 ఆర్మీ చట్టంలోనే ఉంది.

సుబేదార్ గారూ, మీకో గట్టి మాట. రాజీకి కూర్చోబెట్టకూడని ఇళ్లుంటాయి. గొంతు పట్టుకున్నాడని ఆమె చెప్తే అది తర్వాత ప్రాణం మీదికి వచ్చే గుర్తు. చంపుతానన్నాడన్నా, తీవ్రమైన గాయమన్నా అంతే. అక్కడ పెద్దమనుషుల పంచాయితీ వద్దు. అత్యవసర నంబరు 112కో, మహిళల కోసం ఉన్న 181కో ఫోన్ చెయ్యాలి, ఆమెను సఖి కేంద్రానికి (బాధిత మహిళలకు సాయం ఒకేచోట అందించే ప్రభుత్వ కేంద్రం) చేర్చాలి. మంచి ఉద్దేశంతో ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి (ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టే అధికారి) సమాచారమిచ్చిన వాళ్ల మీద చట్టపరంగా ఏ బాధ్యతా పడదు. మీ వాళ్లు జంకక్కర్లేదు.

నెల్లూరు ఎక్స్ నేవీ:

విన్నది ఎవరికి చెప్పాలి అన్నదాని మీద ఒక్క మాట. మా అమ్మాయి అమెరికాలో సోషల్ వర్కర్. అక్కడి సైన్యంలో దెబ్బలు తిన్న మనిషి కమాండర్‌కి తెలియకుండానే వైద్యం, సలహా తీసుకునే పద్ధతి ఉందట. ప్రాణాపాయముంటేనో, పిల్లల మీద హింస జరిగితేనో ఆ గోప్యత చెల్లదు. 2021లో వాళ్లు సైన్యంలో లైంగిక దాడుల మీద ఒక స్వతంత్ర సమీక్షా కమిషన్ వేస్తే, నివారణ పనికే వేరుగా శిక్షణ పొందిన సిబ్బంది ఉండాలని అది చెప్పింది. మనకంత ఏర్పాటు లేదు. కానీ ఆ నియమాన్ని తీసుకోవచ్చు: ఆమె ఒప్పుకోకుండా సంఘంలో ఎవరికీ, ప్రెసిడెంటుకైనా సరే, చెప్పకూడదు. ప్రాణాపాయం, పిల్లలు, ఈ రెండే మినహాయింపులు. వచ్చినామెకి ఈ సంగతి ముందే చెప్పేయాలి.

రెండోది తుపాకీ. నేను పెన్షన్ వచ్చాక బ్యాంకులో గన్‌మన్‌గా చేశాను. మనవాళ్లలో లైసెన్సు తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లున్నారు. మనిషి నిద్ర లేకుండా తిరుగుతున్నా, చస్తాననో చంపుతాననో అంటున్నా ముందు అడగాల్సింది దాని గురించే. కొంతకాలం స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో పెట్టించండి. అతని స్నేహితుడు చెప్తే వింటాడు, భార్య అడిగితే వినడు.

గిద్దలూరు సుబేదార్:

అమ్మా కొమరోలు చెల్లీ, నీ మాటతో దారి దొరికింది. కాగితాల బల్ల పెడుతున్నాం, సంఘం ఆఫీసులో కాదు. పెన్షన్ వచ్చిన హవల్దార్ గారి భార్య ఒకామె కూర్చోవడానికి ఒప్పుకుంది. లాయరమ్మ గారూ, మీరు చెప్పిన తేడాలన్నీ ఆమె మాటల్లోనే ఒక కాగితం మీద రాయిస్తున్నాం. మీరొకసారి చూసి సరిచేస్తారా?

మగవాళ్ల పని నేను చూసుకుంటా. పెన్షన్‌కి ముందు చివరి లీవులో భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి డబ్బు ఎవరి పేరున ఉండాలి, పొలం ఎవరు చూడాలి, తాగుడికి హద్దెక్కడ అని మాట్లాడిద్దామని. తర్వాత ఏడాదంతా అతని కోర్‌లోనే చేసిన సీనియర్ ఒకాయన నెలకోసారి ఇంటికెళ్లి పలకరిస్తాడు. నిద్ర పట్టట్లేదని, బతకబుద్ధి కావట్లేదని చెప్తే 14416 టెలీ మానస్‌కి (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) పక్కనుండి ఫోన్ చేయించాలి. 2023 డిసెంబర్‌లో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో సైనిక కుటుంబాల కోసమే అందులో ప్రత్యేక విభాగం మొదలుపెట్టారు. చెయ్యి దాటిపోతుందనిపిస్తే ఫోన్‌తో సరిపెట్టం, ఆస్పత్రికి తీసుకెళ్తాం.

నాకింకా దిగులుగా ఉన్నది నాలుగేళ్ల సర్వీసుకే సైన్యంలో చేరిన అగ్నివీర్ పిల్లల గురించి. 2022 పథకం మొదటి బ్యాచ్‌కి నాలుగేళ్లు నిండేది 2026 ఆఖరు, 2027 మొదట్లో. ఉంచుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్లు చివర్లో ఒక్కసారే ఇచ్చే సేవా నిధి డబ్బుతో పాతికేళ్ల వయసుకి అటూ ఇటుగా ఇంటికొస్తారు. పెన్షన్ ఉండదు, మాజీ సైనికుడన్న హోదా ఉండదు, మా సంఘంలో సభ్యత్వానికి కూడా మా నియమాలు అడ్డమొస్తాయి. ఆ నియమం మార్చమని వచ్చే మీటింగ్‌లో పెడుతున్నా. వాళ్లతో మాట్లాడటానికి నా వయసువాడు పనికిరాడు. కంభం, రాచర్ల, మార్కాపురం వైపు సర్వీసు చేసొచ్చిన ముప్పయ్యేళ్ల లోపు కుర్రాళ్లెవరన్నా ముందుకొస్తారా? ఇక్కడే రాయండి, నేను వచ్చి కలుస్తా.