మోడల్ ఓడకి మోటారుతో తాడు పేనే మెషిన్: మూడు పేటల్లో ఒకటి ఎత్తుగా వస్తోంది

తాళ్ళరేవు_చెక్కపని:

నమస్కారమండీ. మాది తాళ్ళరేవు. 1839 తుఫానుకి ముందు మా పక్కనున్న కోరంగిలో ఓడలు కట్టేవాళ్ళు. చెక్క పడవల పని తెలిసిన చేతులు మా వైపు ఇంకా ఉన్నాయి. వాళ్ళ మధ్య పెరిగినందుకేమో, ఓడ బొమ్మలంటే నాకు ప్రాణం. ఇప్పుడు 1:48 స్కేలులో రెండు తెరచాప కొయ్యల బ్రిగ్ చేస్తున్నాను. హల్, డెక్ పూర్తయ్యాయి, తాళ్ళ దగ్గర ఆగాను.

షాపుల్లో దొరికే సన్నతాడు చాలావరకు జడలా అల్లిన నైలాన్. ఆ కాలపు ఓడలో ఉండేది హెంప్ నార తాడు, మూడు పేటలు మెలిక తిరిగినది. అంగుళం మందం తాడు నా స్కేలులో అర మిల్లీమీటరు అవుతుంది. అంత సన్నమైనా పేటల మెలిక కంటికి కనిపిస్తుంది, అందుకే తాడు నేనే పేనుకోవాలని మెషిన్ కట్టాను.

రెండున్నర మీటర్ల పలక. ఒక కొసన 12 వోల్టుల గేర్ మోటారు, స్పీడ్ తగ్గించడానికి రెగ్యులేటర్, వెనక్కి తిప్పడానికి స్విచ్. మోటారు షాఫ్ట్ మీద 40 పళ్ళ నైలాన్ గేరు, దాని చుట్టూ 20 పళ్ళవి మూడు, ఒక్కోదానికి ఒక్కో కొక్కెం. అవతలి కొసన డ్రాయర్ ఛానల్ మీద జారే చిన్న బండి, దానికి చేపల గాలానికి వాడే బేరింగ్ స్వివెల్ (దారం మెలికపడకుండా తిరిగే కొక్కెం), వెనక కప్పీ మీదుగా వేలాడే బరువు. మధ్యలో, పేటలు కలిసే చోటు దాకా వాటిని విడిగా ఉంచడానికి మూడు గాడులు తీసిన చెక్క శంకువు. దారం నర్సాపురం నుంచి తెప్పించిన లేసు నూలు, కొక్కేనికి ఒక్క పోగు.

సమస్యలు రెండు. తాడులో రెండు పేటలు సర్దుకుని కూర్చుంటాయి, మూడోది వాటి మీద ఎత్తుగా చుట్టుకుంటోంది. రెండోది, తాడంతా నూగు లేస్తోంది. మోటారు స్పీడ్ పెంచినా తగ్గించినా తేడా లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

అంబాజీపేట_పీచు:

తమ్ముడూ, మోటారుని వదిలెయ్యి, అది బాగానే ఉన్నట్టుంది.

మా ఇంట్లో అమ్మ, పిన్నులు కొబ్బరి పీచు పేనారు, నేనూ చిన్నప్పుడు రాట్నం తిప్పాను. పీచైనా నూలైనా ముప్పేట తాడుకి కావలసింది ఒకటే: మూడు పేటలకీ పొడవు, పురి (మెలిక), లాగుడు సమానంగా ఉండాలి. బిగువుగా ఉన్న పేటలు తిన్నగా పోతాయి. వదులుగా ఉన్నది వాటి చుట్టూ ఎక్కి కూర్చుంటుంది. నీకు ఎత్తుగా కనిపించేది ఆ వదులు పేటే.

వదులు ఎక్కడ వస్తోందో ముందు తేల్చుకో. ఒక కొక్కేనికి రంగు దారం కట్టి పేను. ఎత్తు పేట ఎప్పుడూ ఒకే కొక్కెం దగ్గర వస్తుంటే తప్పు మెషిన్‌ది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ వస్తుంటే నువ్వు దారం కట్టే తీరులో ఉంది. మూడు దారాలు విడివిడిగా కోసి విడివిడిగా ముడేస్తే, ఎంత జాగ్రత్తపడ్డా పొడవులు ఒక్కటిగా రావు. ఒకే దారం తీసుకో. అవతలి కొసన బండి మీదున్న తోక కొక్కేనికి కట్టి మొదలుపెట్టి మొదటి కొక్కెం చుట్టి తోకకి రా, అక్కణ్ణుంచి రెండోదానికి, మళ్ళీ తోకకి, తర్వాత మూడోదానికి, చివరికి తోకకి. ముడులు మొదట ఒకటి, చివర ఒకటి, అంతే. చుడుతున్నప్పుడే దారం తన లాగుడు తాను సర్దుకుంటుంది. పైగా కొక్కేనికి రెండేసి పోగులు వస్తాయి, నీ నూగు బాధ కూడా చాలావరకు అక్కడే తీరుతుంది.

ఎందుకంటే దారానికే ఒక పురి ఉంటుంది. దారం నిలువుగా పట్టుకుని భూతద్దంలో చూడు. పోగులు కుడి పైనుంచి ఎడమ కిందికి వాలితే దాన్ని జెడ్ పురి అంటారు. ఎడమ పైనుంచి కుడి కిందికి వాలితే ఎస్ పురి. కుట్టు మెషిన్ దారాలు ఎక్కువగా జెడ్. నీది ఏదో నువ్వే చూసుకోవాలి, లేసు నూలులో రెండు రకాలూ వస్తాయి. ఓడ మీద మామూలు తాడు జెడ్, అంటే దాని పేటలు ఎస్ తిరగాలి. జెడ్ దారం ఒక్క పోగే కట్టి ఎస్ వైపు తిప్పితే అది పేటగా మారకముందే విచ్చుకుంటుంది. ఆ నూగు అదే. రెండు మూడు పోగులు కలిపితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిజం పేట అవుతాయి. పోగు జెడ్, పేట ఎస్, తాడు జెడ్. ఒకదానికొకటి ఎదురు తిరగబట్టే తాడు నిలబడుతుంది.

ఇక బరువు సంగతి. ఇది చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. పురి ఎక్కుతుంటే పేట కురచబడుతుంది, బండి ముందుకి రావాలి. బరువు ఎక్కువైతే బండి రాదు, మెలిక సాగిపోయి తాడు పుల్లలా బిర్రుగా ఉంటుంది. తక్కువైతే పేటలు మధ్యలో ఉండలు చుట్టుకుంటాయి. డ్రాయర్ ఛానల్ ఆగి ఆగి జారుతుంది, ఆ కుదుపుకి పురి ఒక చోట గుట్టపడుతుంది. గ్రీజు తుడిచేసి పల్చటి మెషిన్ ఆయిల్ వెయ్యి, వేలితో తోస్తే ఎక్కడా పట్టకుండా పోవాలి.

పేటలకి పురి ఎక్కేంతసేపూ తోక కొక్కెం తిరగకూడదు, మేకు అడ్డం పెట్టు. పేటలు నాలుగో వంతు కురచబడ్డాక మేకు తీసి శంకువుని నెమ్మదిగా మోటారు వైపు రానీ. అప్పుడు మోటారు ఆపెయ్యకు. తాడు పడుతున్నకొద్దీ పేటలు పురి పోగొట్టుకుంటాయి, ఆ పోయిన పురిని నిదానంగా ఇస్తూనే ఉండాలి. శంకువుని నువ్వు లాగొద్దు, వెనక తాడు తోస్తుంటే దానంతటదే జరగాలి.

చివర తాడు రెండు కొసలూ కలిపి పట్టుకుని నడుము వేలాడదియ్యి. కదలకుండా వేలాడితే సరిగ్గా కుదిరినట్టు. ఇంకా పేనుకోవాలని చూస్తే పేటల్లో పురి ఎక్కువ, విచ్చుకోవాలని చూస్తే తాడు పురి ఎక్కువ.

అమలాపురం_వైండింగ్:

అక్క చెప్పిందంతా సరైనదే. మెషిన్ వైపు నుంచి ఒక్క మాట. నైలాన్ గేరు గుండ్రటి షాఫ్ట్ మీద చిన్న స్క్రూతో బిగించి ఉంటే లోడ్ పడ్డప్పుడు జారుతుంది, బయటికి కనిపించదు. మూడు కొక్కేలూ ఒకే వైపు చూసేలా పెట్టి షాఫ్టుల కొసన పెయింట్ చుక్కలు పెట్టండి. దారం కట్టి 50 చుట్లు నిదానంగా తిప్పి ఆపండి. మూడు చుక్కలూ ఒకే చోట ఉండాలి. ఒకటి వెనకబడితే ఆ గేరు జారుతోంది. షాఫ్ట్ మీద ఆకురాయితో చిన్న చదును తీసి స్క్రూ దాని మీద కూర్చునేలా బిగించండి.

ఇంకో పని కూడా చెయ్యొచ్చు. మా షాపుల్లో కాయిల్ చుట్టే మెషిన్‌కి చుట్ల కౌంటర్ ఉంటుంది. పాతది ఏ వైండింగ్ షాపులోనైనా అడగండి. అది ఒక కొక్కెం షాఫ్టుకి తగిలిస్తే ఏ తాడుకి ఎన్ని చుట్లు ఇచ్చారో రాసుకోవచ్చు. రేపు అదే తాడు మళ్ళీ కావాలంటే కంటి అంచనా పనికిరాదు, అంకె కావాలి.

తాళ్ళరేవు_చెక్కపని:

అక్కా, నమస్కారం. రంగు దారం పెట్టి చూశాను, ఎత్తు పేట కొక్కెం మార్చుకుంటూ వచ్చింది, అంటే కట్టే తీరే. ఒకే దారంతో చుట్టాక మూడు పేటలూ సమంగా కూర్చున్నాయి. నూలు జెడ్ పురిదే. నూగు బాగా తగ్గింది. కౌంటర్ కూడా వెతుకుతున్నానండీ.

ఇంకో సందేహం. లంగరు మోకు తొమ్మిది పేటలది అంటారు కదా, అది ఈ మెషిన్ మీద వస్తుందా? కొలత ఎలా లెక్కగట్టాలి?

అంబాజీపేట_పీచు:

వస్తుంది తమ్ముడూ. ముందు మామూలు జెడ్ తాళ్ళు మూడు పేనుకో. వాటిని మూడు కొక్కేలకి తగిలించి ఈసారి మోటారుని అవతలి వైపు తిప్పు, వాటి పురి ఇంకా బిగిసే వైపు. పడే మోకు ఎస్ తిరుగుతుంది. మళ్ళీ కురచబడుతుంది, పొడవు ధారాళంగా పెట్టుకో. పెద్ద ఓడల తాళ్ళ శాలల్లో పోగు పొడవులో దాదాపు మూడో వంతు పోయేదట. ఇంగ్లండులో చాథమ్ శాల 346 మీటర్ల పొడవుండేది అందుకే, ఒకే తాడు ఒక్క ఊపులో పడాలి.

యానాం_మోడలర్:

కొలత సంగతి నేను చెబుతానండీ. పాత పట్టికల్లో తాడు సైజు మందం కాదు, చుట్టుకొలత, అంగుళాల్లో. 12 అంగుళాల మోకు అంటే 12ని 3.14తో భాగించాలి, 3.82 అంగుళాలు, అంటే 97 మిల్లీమీటర్ల మందం వస్తుంది. మీ స్కేలులో 2 మిల్లీమీటర్లు. ముప్పేట తాడు మందం ఒక్క పేట మందానికి దాదాపు 2.15 రెట్లు, లాగుడుకి కొంచెం నొక్కుకుంటుంది. అంటే మీ మోకుకి 1 మిల్లీమీటరు కన్నా ఒక్క రవ్వ సన్నటి తాళ్ళు మూడు కావాలి. అంత సన్నటిదాన్ని స్కేలు పెట్టి నేరుగా కొలవలేం. పెన్సిలు మీద పది చుట్లు పక్కపక్కనే చుట్టి ఆ వెడల్పుని పదితో భాగించండి.

పోగుల లాగుడు గురించి అక్క చెప్పింది చదువుతుంటే జోసెఫ్ హడార్ట్ గుర్తొచ్చాడు. ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్. పేటలో లోపలి పోగుకన్నా బయటి పోగు ఎక్కువ దూరం తిరగాలి, అన్నీ ఒకే పొడవు కోసి పేనితే బరువంతా కొన్ని పోగుల మీదే పడుతుంది. ఒక్కో పోగూ తన బాబిన్ నుంచి తనకి కావలసినంత లాక్కునే పద్ధతికి ఆయన 1793లో పేటెంట్ తీసుకున్నాడు. మీరు లావు తాళ్ళకి కొక్కేనికి ఏడెనిమిది పోగులు పెట్టాల్సి వస్తే, చిన్న రేకుకి రంధ్రాలు చేసి పోగుల్ని వాటిలోంచి లాగి చూడండి. పేట ఎంత గుండ్రంగా వస్తుందో మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ. నూలు తాడు తేమ పీలిస్తే ఉబ్బి కురచబడుతుంది, ఎండలో మళ్ళీ వదులవుతుంది. వానాకాలంలో బిగించి కడితే వేసవికి జారతాయి, వేసవిలో బిగిస్తే వానాకాలంలో కొయ్యని లాగేస్తాయి. కొయ్యల్ని పట్టి ఉంచే తాళ్ళకి పాలిస్టర్ మంచిది. అది మొండిది, కోస్తే విచ్చుకుంటుంది. మెషిన్ మీద నుంచి తీసే ముందే గట్టిగా లాగి కట్టి హెయిర్ డ్రయర్ వేడి తగిలించండి, కొసలకి ఫెవిక్విక్ చుక్క వేశాకే కొయ్యండి. నూలు తాళ్ళకైతే తడిపి, లాగి కట్టి, నీడన పూర్తిగా ఆరనివ్వండి. మిగిలిన నూగుకి కొవ్వొత్తి మంట పక్కగా ఒక్కసారి చకచకా లాగితే చాలు. మైనం మాత్రం నేను పూయను, దుమ్ము పట్టేస్తుంది.