నోవహు ఓడ, బాబిలోను పలకలు: ఏ పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు (ప్రశ్న)

మా సంఘంలో ఆదివారం సాయంత్రం జరిగే యవనస్థుల కూడికలో నేను బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండం చెబుతుంటాను. జలప్రళయం దగ్గరకు వచ్చేసరికి, ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయి లేచి, నోవహు కథ బాబిలోను వాళ్ల కథకు నకలని, శతపథ బ్రాహ్మణంలోని మనువు కథ కూడా అక్కడి నుంచే వచ్చిందని, మోషేను జమ్ముపెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున విడవడం సర్గోను అనే రాజు కథేనని ఏదో వీడియోలో చూసినదంతా ఏకరువు పెట్టాడు. ఇలాంటివి కూడికలో ఎత్తకూడదని పెద్దలు కొందరు అన్నారు. ఆ అబ్బాయి నోరు మూయించడం నాకు ఇష్టం లేదు. అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టి ఒప్పుకోవడమూ సరికాదనిపిస్తోంది. వీటిలో గట్టిగా నిలబడే పోలికలు ఏవి, పైపై పోలికలు ఏవి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పటమట చరిత్రాభిమాని, విజయవాడ

నమస్కారమండీ. జలప్రళయం విషయంలో సంబంధం కాదనలేనిది. నీనెవె శిథిలాల్లో, క్రీ.పూ. 7వ శతాబ్దపు అష్షూరు (అస్సీరియా) రాజు అషుర్బనిపాల్ గ్రంథాలయం నుంచి తవ్వి తీసిన మట్టిపలకలను బ్రిటిష్ మ్యూజియంలో పరిశీలిస్తూ జార్జ్ స్మిత్ ఈ కథను గుర్తించి, 1872 డిసెంబరులో లండనులో సభాముఖంగా వెల్లడించాడు. బాబిలోను వాళ్ల గిల్గమేష్ కావ్యం పదకొండో పలకలో, ప్రళయం నుంచి బతికి బయటపడ్డ ఊత్నపిష్తిం తన కథ తానే చెబుతాడు. ఏయా దేవుడు రహస్యంగా హెచ్చరించడం, ఓడకు కీలు (తారులాంటి జిగురు) పూయడం, ఇంటివారితో పాటు జంతువులను ఎక్కించుకోవడం, ఓడ కొండమీద నిలవడం, పావురాన్ని, వానకోవెలను, కాకిని వరుసగా వదలడం, దిగగానే బలి అర్పించడం, దేవతలు ఆ సువాసనను ఆఘ్రాణించడం అన్నీ అందులో ఉన్నాయి. ఆదికాండంలో ముందు కాకి, తరవాత పావురం. బలి అయ్యాక ‘ఇంపైన సువాసన’ సరేసరి. ఇన్ని చిన్న చిన్న సంగతులు దాదాపు ఇదే క్రమంలో రెండుచోట్ల విడివిడిగా పుట్టాయనడం కష్టం. పైగా దీనికి ముందుతరం రూపమైన అత్రహాసిస్ కావ్యానికి క్రీ.పూ. 17వ శతాబ్దపు ప్రతులే దొరికాయి.

అయితే నకలు అనే మాటను నేను ఒప్పుకోను. అత్రహాసిస్‌లో ప్రళయానికి కారణం మనుషుల గోల; ఆ గోలకు నిద్రపట్టక ఎన్లిల్ దేవుడు విసుగెత్తి వాళ్లను తుడిచిపెట్టబోతాడు, ఏయా చాటుగా ఒకణ్ణి కాపాడతాడు. మనుషులు పోయాక నైవేద్యాలు పెట్టేవాళ్లు లేక దేవతలు ఆకలితో నకనకలాడి, చివరకు బలి దగ్గర ఈగల్లా మూగుతారు. ఆదికాండంలో కారణం భూలోకం బలాత్కారంతో నిండిపోవడం. అక్కడ ఎన్లిల్ లేడు, ఏయా లేడు. నాశనం చేసేవాడూ కాపాడేవాడూ ఒక్కడే. ఇద్దరు దేవుళ్లు పంచుకున్న పని ఒక్కడి మీద పడటంతో, అక్కడ దేవతల మధ్య జరిగిన తగాదా ఇక్కడ యెహోవా ‘తన హృదయములో నొచ్చుకొనెను’ అనే వాక్యంగా మారింది. నా దృష్టిలో ఆ అబ్బాయికి చూపవలసిన చోటు ఇదే. ముగింపు కూడా గమనించండి: ఊత్నపిష్తిం అమరుడవుతాడు, నోవహు ద్రాక్షతోట వేసి, తాగి, 950 ఏళ్లకు చనిపోతాడు.

కృష్ణలంక నివాసి

ఇంత దూరం వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం. ఏటి ఒడ్డున బతికే ప్రతి జాతికీ వరద కథ ఒకటి ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో జనం మేడలమీద రోజుల తరబడి ఉండిపోయిన సంగతి మనం చూసిందే. రెండు వేల ఏళ్ల కిందట ఇలాంటిది జరిగి ఉంటే ఇక్కడా ఒక పురాణం పుట్టి ఉండేది, దానికి బాబిలోను పలకలతో పనేముంది?

పటమట చరిత్రాభిమాని

వరద వరకు మీరన్నది న్యాయమేనండీ. కానీ వరద నుంచి పక్షులు రావు, సువాసన ఘట్టం రాదు. మనువు కథనే తీసుకోండి: చేప హెచ్చరిస్తుంది, మనువు ఓడ తాడును దాని కొమ్ముకు కడతాడు, అది ఉత్తరగిరికి చేరుస్తుంది, నీళ్లలో నెయ్యీ పెరుగూ హోమం చేస్తే ఒక స్త్రీ పుడుతుంది. పక్షులూ లేవు, ఓడలో జంతువులూ లేవు. ఇక్కడ మీ వాదన పనిచేస్తుంది, ఆదికాండం దగ్గర పనిచేయదు. ఇంకొకటి, యూదయ కొండప్రాంతం. యూఫ్రటీసు, టైగ్రిసు లాంటి మహానదులు అక్కడ లేవు. లోకమంతా మునిగే కథ ఆ కొండలకంటే మెసొపొటేమియా బయళ్లలో పుట్టిందనడమే సబబు.

అమరావతి రోడ్డు, గుంటూరు

కథ ఎలా ప్రయాణించిందన్నది ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. యెరూషలేము కూలిన క్రీ.పూ. 586 తరవాత, బాబిలోను చెరలో యూదులు ఈ కథలు విన్నారని చాలామంది అంటారు. అదొక్కటే దారి అనలేము; గిల్గమేష్ కావ్యపు పలక ముక్క ఒకటి ఇశ్రాయేలు దేశంలోని మెగిద్దో పట్టణంలోనే దొరికింది, అది క్రీ.పూ. 14వ శతాబ్దానిది. ఆదికాండంలోనూ రెండు కథనాలు పెనవేసుకున్నాయని పండితులు అంటారు: ఒకచోట జంతువులు రెండేసి, మరోచోట పవిత్రమైనవి ఏడేసి జతలు, ఒకచోట 40 దినాలు, మరోచోట 150.

సర్గోను సంగతి అంత గట్టిది కాదు. ఆయన క్రీ.పూ. 24, 23 శతాబ్దాల నాటి రాజే అయినా, రెల్లుబుట్టకు కీలు పూసి నదిలో విడిచిన కథ మనకు దక్కింది ఎంతో తరవాతి అష్షూరు కాలపు ప్రతుల్లో. పైగా కుంతి కర్ణుణ్ణి పెట్టెలో పెట్టి ఏటిలో వదలలేదా? పుట్టుక మరుగున పడ్డ వీరుడికి ఇది చాలాచోట్ల పెట్టే కథ.

వీడియోలో చెప్పని గట్టి పోలిక బైబిలులోని సామెతల గ్రంథంలో ఉంది. ఈజిప్టు వారి అమెనెమోపె ఉపదేశం 1923లో అచ్చయింది. మరుసటి ఏడే జర్మను పండితుడు అడాల్ఫ్ ఎర్మాన్ సామెతలు 22:17 నుంచి సాగే భాగంతో దానికి ఉన్న పోలికను చూపాడు. బీదవాణ్ణి దోచవద్దనడం, పొలిమేర రాతిని జరపవద్దనడం రెండింటా ఉన్నాయి. డబ్బు రెక్కలు కట్టుకొని ఎగిరిపోవడం ఈజిప్టులో బాతుజాతి పక్షులతో చెప్పారు, సామెతల్లో పక్షిరాజుతో.

బ్రాడీపేట పాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. వచ్చే కూడికలో పదకొండో పలకనూ ఆదికాండాన్నీ పక్కపక్కన పెట్టి చదివిస్తాను. ఒక్క సందేహం: మెసొపొటేమియాలోని ‘ఊర్’ అనే ప్రాచీన పట్టణపు తవ్వకాల్లో ప్రళయపు బురద దొరికిందని మా పెద్దలు ఒకరు అంటారు. దాన్ని ఆధారంగా చూపవచ్చా?

అమరావతి రోడ్డు, గుంటూరు

చూపవద్దండీ. బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు లియొనార్డ్ వూలీ ఊర్ పట్టణంలో మందపాటి ఒండ్రు పొరను చూసిన మాట నిజమే, 1929లో అది పత్రికలకెక్కింది. కానీ కిష్, షురుప్పాక్ పట్టణాల్లో దొరికిన పొరలు దానికంటే వందల ఏళ్లు తరవాతివి. అవి వేర్వేరు కాలాల్లో వచ్చిన స్థానిక వరదల గుర్తులు. ఆ అబ్బాయి ఫోనులో ఒక్క నిమిషం వెతికితే ఇది బయటపడుతుంది.