ఆగమనడం, ఆపివేయడం: కంటైనర్ ఆదేశాలకు తెలుగు క్రియలు

ప్రశ్న

ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడివిడి పెట్టెలలో నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఆదేశాల మీద తెలుగులో ఒక చిన్న మార్గదర్శిని రాస్తున్నాను. ఆదేశాలను ఎలాగూ ఉన్నవి ఉన్నట్లే టైప్ చేయాలి కనుక వాటిని అనువదించే పని లేదు. ఆదేశం ఏం చేస్తుందో చెప్పే వాక్యానికి మాత్రం తెలుగు క్రియ కావాలి. స్టాప్, కిల్, పాజ్ మూడింటికీ నా రాతప్రతిలో ‘ఆపు’ అనే మాటే పడింది. రీస్టార్ట్‌కు ‘పునఃప్రారంభించు’ అని రాశాను. చదివినవారొకరు ‘మూడూ ఆపడమే అయితే మూడు ఆదేశాలు ఎందుకు?’ అని అడిగారు. వీటిని విడదీసి చెప్పగల మాటలేమైనా ఉన్నాయా?

మొదటి స్పందన

ఉన్నాయి, వాటి కోసం నిఘంటువుల దాకా వెళ్లనక్కరలేదు. ‘ఆగు’ అకర్మకం, ‘ఆపు’ సకర్మకం. ఈ రెండింటి నడుమ మనం రోజూ వాడే మరో మాట ‘ఆగమను’. డాకర్ స్టాప్ చేసే మొదటి పని సరిగ్గా ఇదే. ఆ ఆదేశం ఇవ్వగానే కంటైనర్‌లో అన్నిటికన్నా ముందు మొదలైన ఒకటో సంఖ్య ప్రాసెస్‌కు (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు) సిగ్‌టర్మ్ అనే సంకేతం వెళుతుంది. అది ఆగమని చెప్పడమే తప్ప ఆపడం కాదు. ఆ మాట విన్న ప్రోగ్రామ్ చేతిలో ఉన్న పని ముగించుకొని, రాయవలసిన డేటాను డిస్కుకు రాసి, తెరిచిన కనెక్షన్లను మూసి తనంతట తాను ఆగుతుంది. లినక్స్ కంటైనర్లలో, వేరుగా ఏమీ చెప్పకపోతే, ఇందుకు 10 సెకన్ల గడువు ఉంటుంది. ఆ గడువును ‘మైనస్ టీ’ ఐచ్ఛికంతో పెంచవచ్చు, తగ్గించవచ్చు. అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్ అనే మరో సంకేతం వెళుతుంది. దానిని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, పక్కకు నెట్టలేదు. కనుక స్టాప్‌ను ‘ఆగమని చెప్పి, గడువులోగా ఆగకపోతే ఆపివేస్తుంది’ అని వివరిస్తే జరిగేదంతా ఒక్క వాక్యంలో వచ్చేస్తుంది.

ఇక కిల్ సంగతి. వేరే సంకేతం పేర్కొనకపోతే అది గడువేమీ లేకుండా నేరుగా సిగ్‌కిల్ పంపుతుంది. దీనికి ‘ఆపివేయు’ చాలు. ‘వేయు’ అనే సహాయక క్రియలో పని తెగిపోయిన ధ్వని ఎలాగూ ఉంది. ‘చంపు’ అని రాస్తే తప్పు కాదు గానీ వివరణ గ్రంథంలో కాస్త మోటుగా ఉంటుంది.

పాజ్ ఈ రెండింటి వరుసలోనిది కాదు. అక్కడ ప్రోగ్రామ్‌కు ఏ సంకేతమూ వెళ్లదు. లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) సీగ్రూప్ ఫ్రీజర్ అనే సదుపాయం ద్వారా కంటైనర్‌లోని ప్రాసెస్‌లన్నింటినీ ఉన్నచోటనే బిగబట్టి ఉంచుతుంది. మెమరీలో ఉన్నది చెక్కుచెదరదు, తనను నిలిపారన్న సంగతి ప్రోగ్రామ్‌కు తెలియదు. దీనికి ‘నిలిపి ఉంచు’ అనీ, అన్‌పాజ్‌కు ‘కొనసాగించు’ అనీ రాయండి. ‘ఉంచు’ అన్నప్పుడు వస్తువు ఇంకా అక్కడే ఉందన్న భావం తప్పకుండా వస్తుంది.

రెండో స్పందన

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. ఒక అభ్యంతరం మాత్రం ఉంది. ‘ఆగమను’ అన్నంత మాత్రాన ఆ మాట వినవలసినవారికి చేరుతుందన్న హామీ లేదు. ఇమేజ్‌ను, అంటే కంటైనర్‌కు మూసను, తయారుచేసే సూచనలుండే డాకర్‌ఫైల్‌లో ప్రారంభ ఆదేశాన్ని చతురస్ర కుండలీకరణాలు లేకుండా మామూలు వాక్యంలా రాస్తే, దానిని నడపడానికి ముందు ఒక షెల్ (ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రామ్) మొదలవుతుంది. అప్పుడు ఒకటో సంఖ్య ఆ షెల్‌దే కావచ్చు, అసలు ప్రోగ్రామ్ దాని కింద ఉండిపోవచ్చు. షెల్ సాధారణంగా సిగ్‌టర్మ్‌ను కిందికి అందించదు. పైగా ఒకటో సంఖ్య ప్రాసెస్ ఆ సంకేతాన్ని అందుకునే ఏర్పాటు తానుగా చేసుకోకపోతే సిగ్‌టర్మ్ దాని మీద పనిచేయదు. కెర్నెల్ దానిని పట్టించుకోకుండా వదిలేస్తుంది.

తెర మీద దీని ఆనవాలు సులభంగా గుర్తుపట్టవచ్చు. ‘వెబ్’ అనే కంటైనర్‌కు ‘డాకర్ స్టాప్ వెబ్’ అని ఎంటర్ నొక్కిన తరువాత కర్సర్ అక్కడే కదలకుండా ఉండి, 10 సెకన్లు గడిచాక గాని ‘వెబ్’ అన్న పేరు తిరిగి కనిపించదు. కంటైనర్ల జాబితా చూపే ‘డాకర్ పీఎస్ మైనస్ ఏ’ ఇచ్చి చూస్తే స్థితి దగ్గర ‘ఎగ్జిటెడ్’ పక్కన 137 ఉంటుంది. అది 128కి సిగ్‌కిల్ సంఖ్య 9 కలిపితే వచ్చినది. సిగ్‌టర్మ్‌తోనే ఆగిపోయి ఉంటే 15 కలిసి 143 వచ్చేది. ప్రోగ్రామ్ అన్నీ సర్దుకొని ఆగి ఉంటే ఎక్కువగా 0 వస్తుంది. 137 చూసినప్పుడు ‘ఆగింది’ అని రాయకూడదు, ‘ఆపివేయబడింది’ అనే రాయాలి. కర్మణి ప్రయోగం తెలుగుకు అంతగా నప్పదని నేనూ అంటుంటాను గానీ ఇక్కడ దాని అవసరం ఉంది.

మొదటి స్పందన రాసినవారు

నిజమే, ఆ తేడా పాటించవలసిందే. ఆగడానికీ ఆపడానికీ మధ్య ఉన్న ఈ గీత మరోచోట ఇంకా గట్టిగా పనికివస్తుంది. కంటైనర్ తిరిగి మొదలవడానికి డాకర్‌లో ఉన్న విధానాలలో ‘అన్‌లెస్ స్టాప్డ్’ ఒకటి. దీనిని ‘ఆగితే తప్ప’ అని అనువదించిన పాఠాలు చూశాను. అర్థం పూర్తిగా తలకిందులైంది. ప్రోగ్రామ్ తనంతట తాను ఆగినప్పుడు తిరిగి నడపడమే కదా ఆ విధానం పని! అక్కడ ఉండవలసింది ‘మనం ఆపితే తప్ప’. ‘ఆల్వేస్’ విధానానికీ దీనికీ తేడా కూడా అక్కడే తెలుస్తుంది. మనం చేతితో ఆపిన కంటైనర్‌ను, డాకర్ సేవ మళ్లీ మొదలైనప్పుడు ‘ఆల్వేస్’ తిరిగి లేపుతుంది. ‘అన్‌లెస్ స్టాప్డ్’ మనం ఆపిన సంగతి గుర్తుంచుకొని దాని జోలికి వెళ్లదు. ఇంగ్లీషు మాటలో ఆగినదీ ఆపినదీ కలిసిపోయాయి, తెలుగులో కలవవు.

మూడో స్పందన

‘పునఃప్రారంభించు’ గురించి ఎవరూ చెప్పలేదు కనుక రెండు మాటలు. రూపం సరైనదే; పకారానికి ముందు విసర్గ నిలుస్తుంది. ‘పునర్‌ప్రారంభం’ తప్పు, ‘పునరారంభం’ ఒప్పు. నా ఇబ్బంది అర్థంతో. ప్రారంభం అనగానే అంతా మొదటికి వచ్చిందన్న భావన కలుగుతుంది. రీస్టార్ట్‌లో మొదటికి వచ్చేది ప్రాసెస్ ఒక్కటే. మెమరీలో ఉన్నది పోతుంది, కంటైనర్ మాత్రం పాతదే; దాని లోపలి ఫైళ్ల పొరలో రాసుకున్నవి అలాగే ఉంటాయి, సృష్టించినప్పుడు ఇచ్చిన ఎన్విరాన్‌మెంట్ విలువలూ అవే ఉంటాయి. కొత్త ఇమేజ్ దించుకొని రీస్టార్ట్ చేసి, మార్పు రాలేదేమని వెతికేవారు చాలామంది. పలు కంటైనర్ల అమరికలను ఒక్కచోట రాసే కంపోజ్ ఫైల్‌ను సవరించి ‘కంపోజ్ రీస్టార్ట్’ ఇచ్చినా అంతే. మార్పులు అమలుకు రావాలంటే ‘కంపోజ్ అప్’ ఇవ్వాలి, అది అవసరమైన కంటైనర్లను తీసివేసి కొత్తవి సృష్టిస్తుంది. అందువల్ల రీస్టార్ట్‌కు ‘ఆగమని, ఆగిన దానినే తిరిగి నడుపు’ అనీ, స్టార్ట్‌కు ‘ఆగి ఉన్నదానిని నడుపు’ అనీ, రన్‌కు ‘కొత్తది సృష్టించి నడుపు’ అనీ రాస్తాను. ‘దానినే’లోని ఏకారాన్ని మాత్రం వదలకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పట్టికలో స్టాప్‌కు ‘ఆగమను’, కిల్‌కు ‘ఆపివేయు’, పాజ్‌కు ‘నిలిపి ఉంచు’, రీస్టార్ట్‌కు ‘తిరిగి నడుపు’ వేస్తున్నాను. 137, 143 సంఖ్యల వివరణ స్టాప్ కిందనే చేరుస్తాను. కంటైనర్‌ను తొలగించే ‘ఆర్ఎం’కు ‘తీసివేయు’ అని ఉంచాను. లోపలి ఫైళ్ల పొర కూడా దానితోనే పోతుందని పక్కన రాయాలి కదా?

మొదటి స్పందన రాసినవారు

తప్పకుండా రాయండి. కంటైనర్ బయట డేటా దాచే వాల్యూమ్‌లలో పెట్టుకున్నవి అలా పోవన్నది కూడా ఆ వాక్యంలోనే చేర్చండి. పేరు పెట్టని వాల్యూమ్‌లను మాత్రం ‘మైనస్ వీ’ ఇస్తే అదే ఆదేశం తీసివేస్తుంది.