ఒక చుక్క ఇల్లా, గదా?

పాతకోడ్: మా పాత టీమ్‌లో సీనియర్ ఒకాయన పైథాన్‌లో రిలేటివ్ ఇంపోర్ట్ (వేరే ఫైలులోని కోడ్‌ని, పూర్తి దారి రాయకుండా చుక్కలతో చూపించి తెచ్చుకోవడం) గురించి ఒక మాట అంటుండేవారు. "ఒక చుక్క ఇల్లు, రెండు చుక్కలు వీధి, మూడు చుక్కలు..." ఆ తర్వాతది ఎంతకీ గుర్తు రావట్లేదు. ఎవరైనా విన్నారా?

చుక్కలరాయుడు: "ఇల్లు" కాదండీ, "గది". మేం విన్నది "ఒక చుక్క గది, రెండు చుక్కలు ఇల్లు".

తోకలేనిపాము: గది అంటే ఫైలే అనుకుంటారు జనం, అక్కడే దెబ్బ తింటారు. చుక్క ఫైలుది కాదు, ఆ ఫైలున్న ప్యాకేజీది, అంటే ఫోల్డర్‌ది. షాప్ ప్యాకేజీలో ఆర్డర్స్ ప్యాకేజీ, అందులో బిల్లు ఫైలు ఉందనుకోండి. బిల్లులో ఒక చుక్కంటే షాప్ డాట్ ఆర్డర్స్, రెండంటే షాప్. కాబట్టి "ఇల్లే" కరెక్టు.

చుక్కలరాయుడు: మరి ఇనిట్ ఫైలు (ప్యాకేజీని ఇంపోర్ట్ చేస్తే నడిచే ఫైలు) సంగతో? ఆర్డర్స్ ఇనిట్‌లో ఒక చుక్క పెట్టినా షాప్ డాట్ ఆర్డర్సే. దాని నేమ్ (పైథాన్ ఆ ఫైలుకి పెట్టుకునే పూర్తి పేరు) చూస్తే బిల్లు కంటే ఒక మెట్టు పైనుంటుంది, చుక్క మాత్రం మారదు. నేమ్ పట్టుకుని లెక్కపెట్టేవాళ్లు ఇక్కడే తడబడతారు.

తోకలేనిపాము: నేనన్నదీ అదే కదా సార్, లెక్క ప్యాకేజీ నుంచి.

డాట్‌పై: మూడు చుక్కల దగ్గర ఇంకో తమాషా ఉంది. వరసగా మూడు పడితే టోకెనైజర్ (కోడ్‌ని ముక్కలుగా విడగొట్టే భాగం) దాన్ని ఒకే ఎలిప్సిస్‌గా, అంటే ఒకే గుర్తుగా చదువుతుంది. అందుకే ఇంపోర్ట్ గ్రామర్‌లో ఒక చుక్కనీ మూడు చుక్కలనీ విడివిడిగా రాశారు.

పాతకోడ్: అయితే మూడోది "ఊరు" అయ్యుంటుందా?

పెప్8భక్తుడు: ఊరిదాకా ఎందుకండీ? పెప్ 8 (పైథాన్ కోడ్ రాసే శైలి నియమాలు) సిఫార్సు చేసేది అబ్సల్యూట్ ఇంపోర్టే, అంటే పూర్తి దారితో రాసేదే. చుక్కలున్నవాటికి ఒప్పుకుంది, అంతే. ముఖ్యంగా పూర్తి దారి రాస్తే మరీ చాంతాడంత అయ్యే చోట.

డాట్‌పై: మూడు చుక్కలు కావాల్సొచ్చిందంటే ఫోల్డర్లే ఎక్కువయ్యాయని. "ఫ్లాట్ ఈజ్ బెటర్ దాన్ నెస్టెడ్" (ఒకదానిలో ఒకటి దూర్చడం కంటే చదునుగా ఉంచడమే మేలు) అని టిమ్ పీటర్స్ తన "జెన్ ఆఫ్ పైథాన్" సూత్రాల్లో ఊరికే అన్నారా? ఆయన మా వేమన!

చుక్కలరాయుడు: ఆ వేమన 20 సూత్రాలని చెప్పి 19 మాత్రమే రాశారు, అదీ గమనించండి. పైగా చివరిది నేమ్‌స్పేసుల (పేర్లను వేరువేరుగా ఉంచే చోట్ల) మీదే. అంటే మన టాపిక్కే.

తోకలేనిపాము: "ఎక్స్‌ప్లిసిట్ ఈజ్ బెటర్ దాన్ ఇంప్లిసిట్" అన్న ఆ పద్యాలున్న దిస్ మాడ్యూల్ (పైథాన్‌తో పాటు వచ్చే చిన్న ఫైలు) సోర్స్ ఎప్పుడైనా తెరిచారా? పద్యమంతా రాట్13లో (ప్రతి అక్షరాన్నీ 13 స్థానాలు జరిపే సంకేతంలో) దాచి ఉంటుంది! నాకైతే పద్యాలకంటే అదే ముద్దు.

పెప్8భక్తుడు: ఇంపోర్ట్ దిస్ ఇప్పుడే కొట్టాను. పద్యం ఒకసారి వచ్చింది, రెండోసారి కొడితే ఏమీ రాలేదు.

డాట్‌పై: రాదు మరి. మొదటిసారే సిస్ డాట్ మాడ్యూల్స్‌లో (ఇంపోర్ట్ అయినవాటి జాబితాలో) చేరిపోయింది, పైథాన్ మళ్లీ ఫైలు నడపదు. సర్కులర్ ఇంపోర్ట్‌లో (రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకున్నప్పుడు) సగం తయారైన మాడ్యూల్ చేతికొచ్చేదీ అక్కడి నుంచే.

పెప్8భక్తుడు: ఇంపోర్ట్‌లిబ్‌లో మాడ్యూల్‌ని మళ్లీ నడిపించే రీలోడ్ ఉందిగా, దానితో కొడితే మళ్లీ వచ్చింది.

చుక్కలరాయుడు: రీలోడ్‌తో పద్యం చదివించుకోవడం భక్తి కాదండీ, బలవంతం.