హోమ్ అంటే దూరం అట, మరి 3.5 ఉంటే మూడున్నర బాణాలా?

సగం_అర్థమైంది:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం. టోపాలజీ, ఫంక్షనల్ అనాలిసిస్ బానే చదివా, కేటగిరీ థియరీ (ఆబ్జెక్టులూ, వాటి మధ్య బాణాలూ పెట్టి లెక్కలు చూసే పద్ధతి) మాత్రం సిలబస్‌లో లేదు, వీడియోలు చూసుకుంటూ ఫంక్టర్, నేచురల్ ట్రాన్స్‌ఫర్మేషన్ దాకా వచ్చా. కేటగిరీ థియరీ మనిషి లావీర్ 1973లో రాసిన పేపర్ తెరిస్తే మెట్రిక్ స్పేస్ అంటే ఎన్‌రిచ్డ్ కేటగిరీయే అంటాడు. బిందువులు ఆబ్జెక్టులట, క నుంచి గ కి హోమ్ అంటే వాటి మధ్య దూరమట. హోమ్ అంటే బాణాల సెట్ అని కదా నేర్చుకున్నాం, దూరం 3.5 అయితే మూడున్నర బాణాలా? పైగా సిమెట్రీ అక్కర్లేదట, దూరం అనంతమైనా పర్లేదట, వేరు వేరు బిందువుల మధ్య సున్నా ఉన్నా ఓకే అట. మెట్రిక్ స్పేస్‌కి ఫ్రెషే 1906లో పెట్టిన రూల్స్‌లో సగం పీకేసి ఇంకా మెట్రిక్ అనడమేంటి? నిజంగా దీనితో ఏమైనా పనుందా, లేక పాత సరుకుకి కొత్త లేబులా?

పాత_లెక్చరర్:
మూడున్నర బాణాల డౌటు బావుంది బాబూ, కానీ గందరగోళం మొత్తం అక్కడే ఉంది. మామూలు కేటగిరీలో హోమ్ ఒక సెట్. ఎన్‌రిచ్డ్‌లో హోమ్ అనేది నువ్వు ముందే ఎంచుకున్న వేరే కేటగిరీలోని ఒక ఆబ్జెక్ట్, అంతే, లోపల బాణాలు ఉండాలని రూలేం లేదు. ఇక్కడ ఎంచుకున్నది 0 నుంచి అనంతం దాకా ఉన్న సంఖ్యలు. వాటి మధ్య బాణం ఎప్పుడంటే మొదటిది రెండోదానికంటే పెద్దదో సమానమో అయినప్పుడు. రెండిటిని కలిపే టెన్సర్ అంటే ఇక్కడ కూడిక, కలిపినా ఏమీ మార్చని యూనిట్ అంటే 0. ఇప్పుడు కాంపోజిషన్ రాయి: హోమ్(క,గ), హోమ్(గ,చ) ల టెన్సర్ నుంచి హోమ్(క,చ) కి ఒక బాణం ఉండాలి. దూరాన్ని దూ అని రాసి విప్పితే దూ(క,గ) + దూ(గ,చ) ≥ దూ(క,చ). ఇంటర్‌లో చదివిన ట్రయాంగిల్ ఇనీక్వాలిటీయే! ఐడెంటిటీ రాస్తే 0 ≥ దూ(క,క), అంటే దూ(క,క) = 0. అసోసియేటివిటీ గట్రా చెక్ చేసే పనే లేదు, ఎందుకంటే రెండు సంఖ్యల మధ్య బాణం ఉంటే ఒకటే ఉంటుంది.

అడిగింది ఈ రెండే, వచ్చింది ఈ రెండే. సిమెట్రీని ఎవరూ పీకెయ్యలేదు, అసలు అడగలేదు.

మినిమమ్_ప్లస్:
సిమెట్రీ గురించి నాదొక మాట (నేను సాఫ్ట్‌వేర్, మ్యాథ్స్ వాడిని కాదు, తప్పుంటే తిట్టండి). అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి తిరుమల వెళ్లడానికి పట్టే టైమూ దిగడానికి పట్టే టైమూ ఒకటేనా తమ్ముడూ? ఒకసారి మా అమ్మతో నడిచి వెళ్లి చూడు తెలుస్తుంది. కనీసం పట్టే టైమ్‌నే దూరం అనుకుంటే, మధ్యలో గాలిగోపురం దగ్గర ఆగి వెళ్లిన లెక్క నేరుగా వెళ్లిన కనీసం లెక్కకంటే తక్కువ కాదు, అంటే ట్రయాంగిల్ ఉంది, సిమెట్రీ లేదు. దారే లేకపోతే అనంతం. వన్‌వే రోడ్లున్న ఏ ఊరైనా ఇంతే.

ఇంకోటి, కోడింగ్ చేసేవాళ్లకి ఫ్లాయిడ్ వార్షల్ తెలుసు కదా, ప్రతి జంటకీ షార్టెస్ట్ పాత్ లెక్కేసేది. బరువులున్న గ్రాఫ్ ఇస్తే (మైనస్ బరువులు లేకుండా) దాని మీద కట్టిన ఫ్రీ ఎన్‌రిచ్డ్ కేటగిరీ ఏంటో చూడండి, అచ్చంగా ఆ అల్గారిథమ్ ఇచ్చే టేబులే. కూడిక బదులు మినిమమ్, గుణకారం బదులు కూడిక పెట్టిన మ్యాట్రిక్స్ లెక్క.

ఎప్సిలాన్_డెల్టా:
నేను ఒప్పుకోను. ఈ లెక్కలో ఫంక్టర్ (కేటగిరీ నుంచి కేటగిరీకి మ్యాప్) అంటే దూ(ఫ(క), ఫ(గ)) ≤ దూ(క,గ), అంటే దూరం పెంచని మ్యాప్ మాత్రమే. మరి కంటిన్యుయస్ ఫంక్షన్లు ఏమైనట్టు? సంఖ్యని రెట్టింపు చేసే ఫంక్షన్ కూడా ఫంక్టర్ కాదే! అనాలిసిస్‌లో రోజూ వాడేదే బయటపడిపోతే ఇది మెట్రిక్ స్పేస్ థియరీ ఎలా అవుతుందండీ?

పాత_లెక్చరర్:
న్యాయమైన మాట. కంటిన్యుయిటీ దీంట్లో దానంతటదే రాదు, వస్తుందని చెప్పేవాళ్లని నమ్మకండి. ఇది టోపాలజీకి బదులు కాదు, దూరాన్ని దూరంగానే చూసే పద్ధతి. కానీ లేబుల్ మాత్రమే అంటే నేనూ ఒప్పుకోను, ఎందుకంటే కేటగిరీల కోసం ఎవరో రాసుకున్న నిర్వచనాన్ని ఇక్కడికి తెచ్చి పెడితే కోషీ కంప్లీట్‌నెస్ (కోషీ సీక్వెన్స్, అంటే బిందువులు ఒకదానికొకటి దగ్గరపడే సీక్వెన్స్, ప్రతిదానికీ స్పేస్‌లోనే లిమిట్ ఉండటం) దానంతటదే పుడుతుంది, నాకు మొదటిసారి చూసినప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు.

మీ స్పేస్‌లో లేని ఒక ఊహా బిందువు ఉందనుకోండి. ప్రతి క నుంచి దానికి దూరం పి(క), దాని నుంచి క కి దూరం క్యూ(క). ఆ బిందువు లేదు, ఈ రెండు ఫంక్షన్లే ఉన్నాయి, ట్రయాంగిల్‌కి లొంగి ఉన్నాయి: పి(క) ≤ దూ(క,గ) + పి(గ), క్యూ(గ) ≤ క్యూ(క) + దూ(క,గ). కేటగిరీ వాళ్లు వీటిని బైమాడ్యూల్స్ అంటారు. ఇవి రెండూ ఒకదానికొకటి అడ్జాయింట్ కావాలంటే రెండు కండిషన్లు. ఒకటి, పి(క) + క్యూ(గ) ≥ దూ(క,గ). రెండు, అన్ని క ల మీద పి(క) + క్యూ(క) ఇన్ఫిమమ్ (కింది హద్దుల్లో పెద్దది) 0. రెండోదాన్ని చూడండి, ప్రతి న కీ పి + క్యూ విలువ 1/న కంటే తక్కువ అయ్యే బిందువు ఒకటి దొరుకుతుంది. అలా దొరికిన బిందువుల్ని వరసగా పెడితే, మొదటి కండిషన్ వల్ల న వ, మ వ బిందువుల మధ్య దూరం 1/న + 1/మ కంటే తక్కువ. కోషీ సీక్వెన్స్! ఎప్సిలాన్ ఎవరూ బయటి నుంచి తేలేదు. ఇలాంటి ప్రతి జంటా స్పేస్‌లోనే ఉన్న ఏదో ఒక బిందువుకీ, దాని నుంచీ కొలిచిన దూరాలైతే ఆ స్పేస్ కంప్లీట్.

ఇదే నిర్వచనాన్ని మామూలు కేటగిరీలో పెడితే ప్రతి ఐడెంపొటెంట్ (రెండుసార్లు వేసినా ఒకసారి వేసినట్టే ఉండే బాణం) స్ప్లిట్ అవ్వాలి అని వస్తుంది. రెండిటికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు.

యోనెడా లెమ్మా (ఆబ్జెక్ట్‌ని దానికి వచ్చే బాణాలతోనే గుర్తించొచ్చు అనేది) కూడా ఒక్క లైనే. బిందువు అ ని "అ కి దూరం" అనే ఫంక్షన్‌గా చూస్తే, దూ(క,ఆ) − దూ(క,అ) (మైనస్ వస్తే 0) కి క మీద సుప్రీమమ్ తీస్తే సరిగ్గా దూ(అ,ఆ) వస్తుంది. ఎక్కువ కాదని ట్రయాంగిల్ చెప్తుంది, క = అ పెడితే తక్కువ కాదని తేలుతుంది. కురటోవ్స్కీ ఎంబెడింగ్ (బిందువుని దూరాల ఫంక్షన్‌గా మార్చేది) చదివుంటారు, దాని చుట్టమే ఇది.

సగం_అర్థమైంది:
సార్ థాంక్యూ, పేపర్ మీద వేసి చూశా. రేషనల్ నంబర్స్ తీసుకుని పి, క్యూ రెండూ √2 నుంచి దూరం అని పెట్టా. ఇన్ఫిమమ్ 0, కానీ ఏ రేషనల్ దగ్గరా 0 కాదు, కాబట్టి కంప్లీట్ కాదు, కరెక్టేనా? ఇంకో డౌటు, కూడిక బదులు మాక్సిమమ్ పెడితే పి-అడిక్ సంఖ్యల వాళ్ల అల్ట్రామెట్రిక్ (దూ(క,చ) అనేది దూ(క,గ), దూ(గ,చ) ల్లో పెద్దదాన్ని మించనిది) వస్తుందా?

మినిమమ్_ప్లస్:
రెండూ కరెక్టే, అల్ట్రామెట్రిక్కే వస్తుంది, సిమెట్రీ లేకుండా. టెన్సర్ ఒక్కటే మార్చావ్, మిగతాది అలాగే. అన్నీ వదిలేసి అవును, కాదు అనే రెండు విలువలే పెట్టుకుంటే ప్రీఆర్డర్ (≤ లాంటి వరస) వస్తుంది, అది కూడా రాసి చూడు, రెండు నిమిషాల పని.

ఎప్సిలాన్_డెల్టా:
కోషీ ముక్క మాత్రం బావుందండీ, ఒప్పుకుంటున్నా. కంటిన్యుయిటీ సంగతి ఇంకా పెండింగే.