ట్యూబ్ ఆంపా, ట్రాన్సిస్టర్ ఆంపా? దేవరకొండలో ఇంటికి ఏది బాగుంటుంది

దేవరకొండ_శ్రోత:
అందరికీ నమస్కారం. మా నాన్న రోజూ సాయంత్రం ఘంటసాల పద్యాలు, బాలమురళీకృష్ణ కచేరీలు వింటారు. పాత రిసీవర్‌లో (రేడియో, యాంప్లిఫయర్ కలిసున్న పెట్టెలో) ఎడమ ఛానెల్ ఉండుండి పోతోంది. కొత్తది కొందామనుకుంటున్నా. గది 12 అడుగులు బై 14. స్పీకర్లు చిన్నవి, వెనక సెన్సిటివిటీ (ఒక వాటుకు ఎంత గట్టిగా మోగుతాయో) 86 డీబీ అని ఉంది. 8 వాట్ల సింగిల్ ఎండెడ్ (మామూలుగా ఛానెల్‌కు ఒకే అవుట్‌పుట్ ట్యూబు ఉండే) ట్యూబ్ ఆంప్ ఒకటి చూశాను. గొంతు చాలా బాగుంటుందంటున్నారు. కానీ మా దగ్గర యాసంగిలో బోరు మోటార్లన్నీ నడిస్తే వోల్టేజ్ పడిపోతుంది. వాడినవాళ్లు చెప్పండి.

వనపర్తి_వాల్వ్:
ఆరేళ్లుగా ఈఎల్84 ట్యూబుల పుష్‌పుల్ ఆంప్ (ట్యూబులు జతగా, ఒకటి నెడితే ఒకటి లాగేలా పనిచేసేది) వాడుతున్నాను, ఛానెల్‌కు 12 వాట్లు. మా ఇంట్లో వాల్వ్ రేడియో (ట్యూబ్ రేడియోనే) ఉండేది. స్విచ్ వేశాక కాసేపు ఆగితే గానీ గొంతు వచ్చేది కాదు. ఆ వినికిడి అలవాటుతోనే దీన్ని కొన్నాను, ఇప్పటికీ వదల్లేను. మీరు చూసిన సింగిల్ ఎండెడ్ రకంలో అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ కొంచెం కలుస్తుంది. అంటే మధ్యస్థాయి సా పలికితే పై సా లీలగా తోడవుతుంది. అందుకే అది చెవికి అపస్వరంగా తోచదు, గొంతు నిండుగా అనిపిస్తుంది. పుష్‌పుల్‌లో అది చాలావరకు రద్దవుతుంది.

అయితే నా స్పీకర్లు పెద్దవి, 95 డీబీ. మూడు డీబీ తగ్గినప్పుడల్లా వాట్లు రెట్టింపు కావాలి. నా 12 వాట్లు చేసే పని మీ స్పీకర్లతో చేయించాలంటే 96 వాట్లు కావాలి. మెల్లగా వింటే 8 వాట్లు సరిపోతాయి. మృదంగం తని ఆవర్తనం దగ్గర మాత్రం కష్టం.

నల్లగొండ_రాగం:
నేను నాలుగు ఈఎల్34 ట్యూబుల ఆంప్ రెండేళ్లు వాడి అమ్మేశాను. ధ్వని బాగాలేక కాదు. ఆ నాలుగింటి ఫిలమెంట్లకే (లోపల ట్యూబును వేడెక్కించే తీగలకే) 38 వాట్లు పోతాయి, మిగతా వేడి వేరే. మే నెలలో ఏసీ లేని గదిలో దాని పక్కన కూర్చోలేం. ఫిలమెంటుకు 6.3 వోల్టులు రావాలి, పది శాతం అటూఇటూ అయితే పర్వాలేదు. ఇంటికొచ్చే 230 వోల్టులు 190కి పడితే అక్కడ 5.2 మాత్రమే వస్తుంది. ఏళ్ల తరబడి అలా నడిస్తే ట్యూబు ఆయుష్షు తగ్గుతుంది. ఇప్పుడు 50 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ ఉంది. వోల్టేజ్ పడితే దాని గరిష్ఠ వాట్లు తగ్గుతాయంతే.

పాలమూరు_పాట:
మేం నలుగురం ఒక ఇంట్లో రెండూ పెట్టి, అడ్డంగా పరదా కట్టి విన్నాం. ముందు స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి రెండింటి వోల్టేజ్ సమానం చేశాం. ఇది తప్పకుండా చేయాలి. కాస్త గట్టిగా మోగేదే మంచిదని చెవి పొరబడుతుంది. ఒక జత స్పీకర్లతో ఎవరం ఏది ఏదో చెప్పలేకపోయాం. రెండో జతతో ముగ్గురం ప్రతిసారీ గుర్తుపట్టాం. ఆ స్పీకర్ల ఇంపెడెన్స్ (కరెంటుకు అవి చూపే అడ్డు) ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర బాగా మారుతుంది. ట్యూబ్ ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ కాబట్టి ధ్వని దానితోపాటే మారుతుంది. ఆంప్ ఒక్కదాన్నే చూసి కొనకండి, మీ స్పీకర్లు తీసుకెళ్లి వినండి.

జడ్చర్ల_మైక్‌సెట్:
తమ్మీ, మా నాన్న కాలం నుంచి మాది మైక్‌సెట్ల పని. ట్యూబ్ ఆంప్ కొంటే మూత తీయకు. లోపల 300, 400 వోల్టులుంటాయి. స్విచ్ కట్టేసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది, అది ప్రాణం తీస్తుంది. స్పీకర్ వైరు పెట్టకుండా ఆన్ చేయకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కూ తన భయం తనకుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే డీసీ నేరుగా వెళ్లి వూఫర్ కాయిల్ కాలుతుంది. అందుకే ప్రొటెక్షన్ రిలే (తేడా వస్తే స్పీకర్‌ను విడదీసే స్విచ్) ఉన్నదే చూసుకో.

ఇంకో మాట. నీ ఛానెల్ ఉండుండి పోతోందన్నావు. వాల్యూమ్ పెంచితే తిరిగొస్తోందా? అలాగైతే నీ రిసీవర్‌లోని అలాంటి రిలే కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. ముందు అది చూపించు.

దేవరకొండ_శ్రోత:
అన్నా, మీరు చెప్పిందే. వాల్యూమ్ పెంచితే టక్కున వచ్చేది. ఇక్కడి మెకానిక్ రిలే మార్చాడు, నాలుగు రోజులుగా రెండు ఛానెళ్లూ బాగున్నాయి. ఈ నాలుగు రోజులూ సాయంత్రం ఏడింటికి వోల్టేజ్ కొలిచాను. ఒకరోజు 194, మిగతా రోజులు 205 దాకా. ఇప్పటికైతే ట్యూబ్ కొనట్లేదు. కానీ నాన్నకు వాల్వ్ రేడియో మాట చెప్పగానే ఒక్కసారి వినాలని ఉందన్నారు. వనపర్తి సార్, మీకు వీలైతే వచ్చే ఆదివారం ఆయన్ని, మా స్పీకర్లను తీసుకుని వస్తాం.

వనపర్తి_వాల్వ్:
తప్పకుండా రండి. పదింటికల్లా వస్తే కరెంటు కాస్త నిలకడగా ఉంటుంది.