దక్కను మెట్టనేలల్లో ఒకప్పుడు ఏం పెరిగేది? ఎముకలనూ పేడనూ ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (తార్నాక నుంచి)

నమస్కారం. సెలవు రోజుల్లో ఖాజాగూడ గుట్టల మీద తిరగడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. అక్కడ విరివిగా కనిపించే సర్కారు తుమ్మ, సీతాఫలం రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే కనుక, నేటి పొదలను చూసి ఈ నేల పాత రూపం కూడా ఇదేనని అనుకోవడం పొరపాటని తెలిసింది. అప్పటి నుంచి ఒక సందేహం వెంటాడుతోంది. అమెరికా నైరుతి ఎడారుల్లో ప్యాక్‌ర్యాట్ అనే ఎలుక తన గూటిలో పోగుచేసుకున్న ఆకులు, గింజలు, పుల్లల ఆధారంగా వేల ఏళ్ల కిందటి చెట్లను గుర్తించారని చదివాను. న్యూమెక్సికోలోని చాకో లోయలో ఒకప్పుడు పిన్యన్ (ఒక రకం పైన్), జూనిపర్ చెట్లు ఉండేవనీ, వంటచెరకు కోసం మనుషులు కొట్టడం వల్లే అవి పోయాయనీ 1981లో ఇద్దరు పరిశోధకులు వాదించినది ఇలాంటి గూళ్ల ఆధారంగానేనట. మన దక్కనులో అలాంటి సాక్ష్యం దొరుకుతుందా? జంతువుల అవశేషాలను బట్టి, మనిషి ఈ నేలను ఎప్పటి నుంచి మార్చాడో చెప్పవచ్చా?

జవాబు 1

ప్యాక్‌ర్యాట్ గూళ్లు మనకు దొరకవండి. ఆ ఎలుక మన ఖండంలో లేదు. ఉన్నా ఫలితం ఉండేది కాదు. దాని మూత్రం ఎండి, గట్టి పూతలా మారి, గూటిలోని పుల్లలను కప్పి ఉంచుతుంది. వాననీరు సోకని రాతి చరియల కింద ఆ పూత నలభై, యాభై వేల ఏళ్లు నిలుస్తుంది కానీ, మన వానాకాలపు తేమకు కరిగిపోతుంది. ఆ ఎలుక తన గూటి చుట్టుపక్కల కొద్ది దూరంలోనే ఏరుకుంటుంది కాబట్టి గూటిలో ఉన్నది ఆ కొండచరియ దగ్గర పెరిగినదేనని నమ్మకంగా చెప్పవచ్చు. అయితే చాకో విషయంలో చెట్లు తగ్గడానికి మనుషులే కారణమన్న వాదాన్ని తర్వాతి పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. అది తేలిపోయిన విషయమని అనుకోకండి.

మనకున్న ఆస్తి వేరు, అవి బూడిద దిబ్బలు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాద్ వైపు ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్వినప్పుడు, మంద కట్టిన దొడ్డి గుంజల గుంతలు, దొడ్డి పలుమార్లు కాలిన జాడలు, నేలలో పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. బళ్లారి, అనంతపురం వైపు కూడా ఇలాంటి దిబ్బలున్నాయి. ఇవన్నీ క్రీస్తుపూర్వం మూడవ, రెండవ సహస్రాబ్దుల నాటి పశుపాలకులవి. ఏళ్ల తరబడి పోగుపడిన పేడను కాల్చడంతో అది కొన్నిచోట్ల కరిగి చిట్టెంగా (గాజులాంటి గట్టి గడ్డగా) మారింది. పేడ అంటే పశువు మేసినదే కదా. పుప్పొడి ఆ మంటకు మిగలదు గానీ, గడ్డిలో ఏర్పడే సిలికా రేణువులు (వీటినే ఫైటోలిత్‌లు అంటారు) తక్కువగా కాలిన పొరల్లో నిలిచి ఉంటాయి, వాటి ఆకారం బట్టి గడ్డి ఏ తెగదో గుర్తించవచ్చు.

ఇక ఎముకల సంగతి. ఆహారం తయారుచేసుకోవడానికి చెట్లు, పొదలు సి3 అనే మార్గంలోనూ, మన ఉష్ణమండల గడ్డి జాతుల్లో చాలావరకు సి4 అనే మరో మార్గంలోనూ గాలిలోని కార్బన్‌ను పట్టుకుంటాయి. వాటి కార్బన్-13 విలువలు (కార్బన్‌లోని బరువైన రకం ఒక ప్రమాణం కంటే వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకెలు) సగటున మైనస్ 27, మైనస్ 12 దగ్గర ఉంటాయి. పెద్ద శాకాహారుల పంటి ఎనామిల్‌లో ఆ విలువ దాదాపు 14 పెరుగుతుంది కాబట్టి ఆకులు మేసిన జంతువు పన్ను మైనస్ 13 దగ్గర, గడ్డి మేసినది ప్లస్ 2 దగ్గర తేలుతుంది. ఎనామిల్ గట్టిది, భూమిలోని నీటికి త్వరగా మారదు. అందుకే పరిశోధకులు ఎముక కంటే దంతాన్ని ఎక్కువగా నమ్ముతారు.

జవాబు 2

పై జవాబుకు ఒక ముఖ్యమైన జాగ్రత్త చేర్చాలి. ఆవు దంతంలో సి4 విలువ పెరిగిందని చూసి, అడవి తగ్గి గడ్డినేల విస్తరించిందని తేల్చేయకూడదు. కొర్ర, అండుకొర్ర, తర్వాత వచ్చిన జొన్న కూడా సి4 మొక్కలే. చొప్ప మేసిన ఎద్దు పన్నూ, బయలు గడ్డి మేసిన ఎద్దు పన్నూ ఒకే విలువ చూపుతాయి. దక్షిణాది నవీన శిలాయుగపు రైతులు అండుకొర్రలు, పెసలు, ఉలవలు పండించారు కాబట్టి ఆ కాలానికి ఈ చిక్కు తప్పదు. ఉలవ కట్టె మేస్తే సి3 వైపు జరుగుతుంది. అందువల్ల మనిషి మేపని జంతువులనే కొలబద్దగా తీసుకోవాలి: గడ్డి మేసే కృష్ణజింక, ఆకులు ఎక్కువగా తినే కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక). ఒకే జాతి పొర పొరకూ ఎలా మారిందో చూస్తే చెట్ల సంగతి కొంత తెలుస్తుంది.

గుడ్లగూబలు ఉమిసిన ఉండల్లోని ఎలుకల ఎముకలకు నేను ఇంకా ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే చిన్న జంతువులు తమ పొదను వదిలి దూరం పోవు. ఇక పెద్ద జంతువుల సంగతి: కర్నూలు ప్రాంతంలోని బిల్లసుర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వినప్పుడు ఖడ్గమృగంతో సహా ఎన్నో జంతువుల ఎముకలు దొరికాయి. అదే చోట జరిగిన ఇటీవలి పరిశోధన 2 లక్షల ఏళ్ల కాలంలో అక్కడి క్షీరదాల్లో చాలా జాతులు ఈ ఉపఖండంలో నిలిచే ఉన్నాయని చూపింది. జాతి నిలవడం వేరు, ఒక చోట అది కనబడకుండా పోవడం వేరు. ఖడ్గమృగం ఇప్పుడు అస్సాం, ఉత్తర బెంగాల్, నేపాల్ వైపు ఉంది, మన దగ్గర లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆవు దంతం, చొప్ప విషయం నాకు తట్టనే లేదు. మరొక్కటి: పశువులు తంగేడును ముట్టవు కాబట్టి, గుట్టల మీద తంగేడు ఎక్కువగా మిగలడం కూడా వేల ఏళ్ల మేత ఫలితమే కావచ్చునా?

జవాబు 1 రాసినవారు

అలా కావడానికి బలమైన అవకాశం ఉంది, కానీ పంటిలోనూ పేడలోనూ అది కనబడదు, ఎందుకంటే పశువు తిననిది అక్కడికి చేరదు. దానికి బొగ్గు కావాలి. పొయ్యిలో కాలిన పుల్లల కణ నిర్మాణం చూసి చెట్టును గుర్తుపట్టవచ్చు. పేడ, దంతం, బొగ్గు మూడూ ఒకే పొరలో దొరికితేనే మేత, కొట్టడం, వాన తగ్గడం వేటి పాత్ర ఎంతో విడదీయగలం. మీరు ఎప్పుడైనా ఉట్నూరు దిబ్బ దగ్గరికి వెళ్తే, దయచేసి చిట్టెం ముక్కను జ్ఞాపకంగా తీసుకురాకండి. ఏ పొర నుంచి వచ్చిందో తెలియని ముక్కతో ఎవరూ ఏమీ చెప్పలేరు, ఆ పొరను మళ్లీ అక్కడ పెట్టనూలేరు.